సందడిలో మాట వినుటకు సాధన

విత్తనమును గూర్చియు, ఎరువును గూర్చియు, చీడపీడలను గూర్చియు వ్రాయవలసిన మేము ఈ మాసమున చెవిని గూర్చి వ్రాయుట చూచి రైతు సోదరులు ఆశ్చర్యపడవచ్చును. కాని మేలైన విత్తనమైనను బండమీద చల్లినచో మొలవదు. ఎంత మంచి సలహాయైనను వినువాని చెవిలో సరిగా పడనిచో పొలమునకు చేరదు. ఒక్కొక్కప్పుడు తప్పుగా చేరి కీడు చేయును. అట్టి కీడు ఒకటి మా మూలముననే జరిగినది. దానిని దాచక చెప్పి పిదప విషయమునకు వత్తుము.

గురజాల వైపు ఒక గ్రామమున మిరప తోటలో మందు పిచికారి చేయు విధమును చూపుచుంటిమి. తైవాన్ స్ప్రేయరు ఇంజను నడుచుచునే యుండెను. చుట్టును పది పదునైదుగురు రైతులు నిలిచి యుండిరి. 20 లీటర్ల ట్యాంకునకు మందు ‘ఇరవై మిల్లీలీటర్లు’ అని మేము గట్టిగానే చెప్పితిమి. మన సంఘమునకు చిరకాల సభ్యులును, 65 ఏండ్లు దాటినవారును అగు పెద్దరైతు ఒకరు మా యెదుటనే నిలిచి తల యూపిరి. వారము దినములకు వారి తోటలో ఆకు మాడినదని కబురు వచ్చెను. వెళ్లి విచారింపగా ఆయన, ‘‘సారూ, మీరు అరవై అనే గదా చెప్పినారు? నేను అంతే పోసినాను’’ అనిరి.

మాకు మొదట కోపమే కలిగెను. పదిమందిలో చెప్పిన మాటను ఈయన యొక్కరే ఇట్లేల వినిరని యనుకొంటిమి. అప్పుడు ఆయన కుమారుడు మమ్ము ప్రక్కకు పిలిచి, ‘‘మా నాయనకు ఇంట్లో మాట్లాడితే బాగానే వినపడుద్దండీ. ఇంజను పక్కన గానీ, నలుగురిలో గానీ ఏం చెప్పినా తల ఊపుతాడు. మళ్లీ అడిగితే నవ్వుతారని ఆయన భయం’’ అని చెప్పెను.

అంతట మఱియొక సంగతియు బయటపడెను. ఆ పెద్దమనిషి రెండేండ్లుగా సంఘ మహాజన సభకు వచ్చుట మానిరి. గ్రామములోని వర్గములే దానికి కారణమని మేమందఱమును తలచుచుంటిమి. నిజమునకు ఆయన సభలో కూర్చుండియు ఒక్క తీర్మానమును పోల్చుకొనలేక, వినని దానిక్రింద సంతకము చేయుట ఇష్టము లేక దూరమైరి. మాడిన తోట మరల చిగిర్చినది. కాని ఒక సభ్యుడు తన సంఘముననే పరాయివాడగుట అంత సులభముగా మానెడి నష్టము కాదు.

వినబడుట వేఱు, తెలియుట వేఱు

‘చెవిటివాని ముందు శంఖ మూదినట్లు’ అను సామెత మన నోట ఎప్పుడును ఉండునదే. ఆ సామెతలోని వానికి శంఖమే వినబడదు. మేము చెప్పుచున్నవారు అట్టివారు కారు. వీరికి శంఖము వినబడును. శంఖము మ్రోగుచుండగా ప్రక్కవాడు చెప్పిన మాట మాత్రము తెలియదు. రాత్రివేళ వాకిట కుక్క మొరిగిన లేతురు. అరుగుమీద ఒక్కరు మాట్లాడిన చక్కగా బదులు చెప్పుదురు. గుంటూరు మిర్చి యార్డులో హమాలీల కేకల నడుమను, పత్తి జిన్నింగు మిల్లు వాకిటను, పెండ్లి పందిటిలోను, కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్లలో ప్రభల మైకుల హోరులోను చిక్కిన మాత్రము చిఱునవ్వు నవ్వి తల యూపుదురు. లేదా ఒకటి యడిగిన ఒకటి చెప్పుదురు. ఇంటివారు దీనిని చూచి ‘‘ఆయనకు కావలసిన మాటైతే వినపడుద్ది’’ అని యెత్తిపొడుతురు. ఈ మాట అన్యాయము. అది పొగరు గాదు, బుద్ధిమాంద్యము గాదు, పరాకును గాదు. చెవికిని మనస్సునకును నడుమ జరుగు పనిలో వచ్చిన కొఱత.

పూర్వము పశువుల సంతలలో బేరగాండ్రు తువాలు క్రింద చేతులు పెట్టి వ్రేళ్లు పట్టుకొని ధర తెలుపుకొనెడివారు. అది రహస్యము కొఱకు పుట్టిన వాడుకయే యైనను, సంత గోలలో అంకె తారుమారు గాకుండుటకు అంతకంటె మంచి యుపాయము లేదు. చెవిని నమ్మరాని చోట్లు కలవని మన పెద్దలకు తెలియును.

మాట యెందుకు మఱుగుపడును?

తాలు, పాలు, కాలు, చాలు — ఈ నాలుగు మాటలను పలికి చూడుడు. మొదటి హల్లు తప్ప తక్కినదంతయు ఒక్కటే. మిరపకాయల బేరములో ‘తాలు’ అన్నదానిని ‘చాలు’ అని విన్నచో బేరమే మారిపోవును. అచ్చులు బలమైన ధ్వనులు, దూరము పోగలవు. త, ప, క, చ, స మొదలగు హల్లులు ఊపిరి విసరువంటివి. రెప్పపాటులో పుట్టి రెప్పపాటులో పోవును. సందడి ముందుగా వీనినే కప్పివేయును. ఇరవై, అరవై అను మాటలలో భేదము మొదటి అక్షరమున మాత్రమే కలదు. ఆ ‘ఇ’కారమును ‘అ’కారమునుండి వేఱుచేయు గుర్తు కంఠధ్వనిలోని సన్నని భాగమున నుండును. సన్నని ధ్వనులను పట్టుకొను శక్తి తగ్గిన చెవికి ఇంజను ప్రక్కన ఆ రెండును ఒక్కటిగానే తోచుట వింత గాదు.

లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనిన యొక గొట్టము కలదు. దానిలో ఒక్కొక్క చెవికి సుమారు 15,000 సూక్ష్మమైన రోమకణములుండును. ధ్వని తాకినపుడు ఇవి కదలి నరము ద్వారా మెదడునకు వార్త పంపును. గొట్టము మొదట నున్న కణములు సన్నని ధ్వనులను, కొన నున్నవి బొంగురు ధ్వనులను గ్రహించును. వయస్సు వలనను, పెద్ద చప్పుడుల వలనను సాధారణముగా ముందు చెడునవి మొదటి కణములే. నరికిన తుమ్మ మరల చిగిర్చును గాని మనుష్యునికి ఈ కణములు పోయిన మరల మొలవవు.

ఎంత చప్పుడు చెవికి కీడు? దినమునకు 8 గంటల పనికి 85 డెసిబెల్ హద్దు అని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అంతకు 3 డెసిబెల్ పెరిగిన కొలది సహింపదగు కాలము సగమగును. 88 అయిన 4 గంటలు. 91 అయిన 2 గంటలు. 100 అయిన పావుగంట మాత్రమే. మూసిన గది లేని ట్రాక్టరు మీద కూర్చున్నవాని చెవికి 90 డెసిబెల్ దాటుట సాధారణము. నూర్పిడి యంత్రము ప్రక్కనను, మాచర్ల ప్రాంతపు నాపరాతి కోత యంత్రముల యొద్దను, పిడుగురాళ్ల సున్నపు పరిశ్రమలలోను పనిచేయు మన పలనాటి యువకులు ఇప్పుడే చెవులను కాపాడుకొనవలెను. చెవిలో పెట్టుకొను నురుగు బిరడాలు అల్పమైన వెలకే దొరకును. పోయినదానిని తెచ్చు సాధన కంటె ఉన్నదానిని నిలుపు జాగ్రత్త మేలు.

మనస్సు తూర్పార పట్టును

అయితే వినుట చెవితోనే ముగియదు. కళ్లములో గింజయు పొట్టును కలిసియే రాశిగా పడును. గాలి చూచి చేటతో ఎత్తిపోసి తూర్పార పట్టువాని నేర్పువలన గింజ వేఱగును. అట్లే చెవిలో మాటయు సందడియు కలిసియే పడును. వేఱు చేయునది మనస్సు. 1953లో ప్రకటించిన పరీక్షలో కోలిన్ చెఱ్ఱీ అను శాస్త్రజ్ఞుడు ఒక్కొక్క చెవిలో ఒక్కొక్క మాట పోయునట్లు అమర్చి, ఒక దానిని మాత్రమే అనుసరించి పలుకుమని మనుష్యులను పరీక్షించెను. వారు ఆ పని చేయగలిగిరి. కాని రెండవ చెవిలో పడినది ఏ భాషయో కూడ నిశ్చయముగా చెప్పలేకపోయిరి. ఏరుకొను శక్తి మనస్సున కంత గలదు.

మేము చిన్నతనమున చదివిన మిషను పాఠశాలలో ఒకే హాలులో రెండు తరగతులు జరుగుచుండెను. ప్రక్క తరగతివారు ఎక్కములు వల్లించుచుండగా మా ఉపాధ్యాయుడు చెప్పు డిక్టేషను మేము వ్రాయవలసి వచ్చెడిది. మొదటి నెలలలో పలకనిండ తప్పులే. సంవత్సరాంతమునకు ఆ ఎక్కముల గోల ఉన్నదో లేదో కూడ మాకు తెలియకుండెను. హాలు మారలేదు, మా చెవులు మారలేదు. మారినది మా అభ్యాసమే.

వినికిడి యంత్రము పెట్టుకొనిన వారికిని ఈ చిక్కు పూర్తిగా తీరకపోవుటకు కారణ మిదియే. యంత్రము రాశిని పెద్దది చేయును. అందు గింజయు పెరుగును, పొట్టును పెరుగును. క్రొత్త యంత్రములు ఎదుటినుండి వచ్చు మాటను కొంత ఎక్కువగా పట్టి, సందడిని కొంత జల్లించును. తక్కిన తూర్పార మనస్సే పట్టవలెను. కావున ఆ నేర్పును తిరిగి పెంపొందించు మార్గము కలదా యని శాస్త్రజ్ఞులు వెదకిరి.

కంప్యూటరు చేయించు సాధన

అమెరికా దేశమున శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన రాబర్ట్ స్వీటో, జెన్నిఫర్ హెండర్సన్ సేబ్స్ అనువారు ‘లేస్’ అను పేర ఒక సాధనను సిద్ధపఱచి 2006లో దాని ఫలితములను ప్రకటించిరి. దినమునకు అరగంట, వారమునకు 5 దినములు, 4 వారములు — మొత్తము 20 పాఠములు. ఇంటిలో కంప్యూటరు ముందు కూర్చుండి చేయవచ్చును.

పని యిట్లు సాగును. పలువురు మాట్లాడుకొను గోలలో కంప్యూటరు ఒక వాక్యము పలుకును. వినువాడు దానిని పోల్చుకొన్నచో తరువాతి వాక్యమునకు గోల కొంచెము పెరుగును. పోల్చుకొననిచో గోల తగ్గును. దూడకు మేత అలవాటు చేయునట్లు ఓర్చుకొనగలిగినంతకు ఒక్క పిసరు మించియే ఎల్లప్పుడును పని పెట్టుట ఈ పద్ధతి కీలకము. ఇదిగాక తొందరగా పలికిన మాటను పట్టుట, ఒక్కసారిగా మాట్లాడు ఇద్దఱిలో ఒకనిని అనుసరించుట, వాక్యములో మఱుగుపడిన మాటను సందర్భమునుబట్టి ఊహించుట, విన్నదానిని జ్ఞాపకముంచుకొనుట కూడ ఇందు చేర్చబడినవి.

ఫలిత మెంత?

ప్రదర్శన క్షేత్రములు నడపువారము గనుక మాకు ఒక అలవాటు కలదు. ఎవరైన క్రొత్త ఎరువు తెచ్చి పైరు పెరిగినదని చెప్పిన, ఎరువు వేయని ప్రక్క మడి ఎట్లున్నదని అడుగుదుము. వాన మంచిదైన రెండు మళ్లును పెరుగును గదా. ఈ సాధనను గూర్చియు అదే ప్రశ్న అడుగవలెను.

2006లో 65 మందితో జరిగిన మొదటి పరీక్షలో సాధన చేసినవారు మెరుగుపడిరి. కాని 2016లో వెలువడిన పెద్ద పరీక్షలో 279 మంది మాజీ సైనికులను, అందఱును వినికిడి యంత్రములు వాడువారినే, జట్లుగా విభజించి, కొందఱకు ఈ సాధనను, కొందఱకు ఉత్త కథలు వినుటను, కొందఱకు సాధారణ సలహాను మాత్రమే ఇచ్చి చూడగా, సాధన చేసిన జట్టు తక్కినవారి కంటె మిన్నగా కనబడలేదు. ప్రక్క మడియు అంతే పెరిగినదన్నమాట.

2017లో బోస్టను నగరపు శాస్త్రజ్ఞులు మఱియొక విధమైన సాధనను పరీక్షించిరి. సుమారు 70 ఏండ్ల వయస్సు గలవారు, యంత్రములు వాడువారు 24 మంది. కొందఱు గోలలో సూక్ష్మమైన ధ్వని భేదములను అనుసరించి ఆడు కంప్యూటరు ఆటను వారమునకు మూడున్నర గంటల చొప్పున 8 వారములు ఆడిరి. కొందఱు జ్ఞాపకశక్తికి సంబంధించిన వేఱు ఆట ఆడిరి. మొదటివారు గోలలో మునుపటికంటె సుమారు 25 వంతులు, అనగా నూటికి 25, ఎక్కువ మాటలను పట్టగలిగిరి. రెండవవారికి లాభము లేకపోయెను. అయితే ఆట మానిన పిదప ఆ లాభము నిలువలేదు. కాలువ కట్టివేసిన మడి ఎండినట్లయ్యెను.

కావున మేము గ్రహించిన దిది. సాధన వట్టి మాట గాదు; అట్లని మంత్రమును గాదు. ఏ పని అభ్యసించిన ఆ పనియే మెరుగగును. నడుచుచున్నంత కాలమే ఫలము. చెవి పరీక్షకు గాని యంత్రమునకు గాని అది బదులు కానేరదు. ఎవరైన ‘ఈ ఆట కొనుడు, చెవుడు పోవును’ అని విక్రయింప వచ్చినచో, ప్రక్క మడి చూపుమని అడుగుడు.

తెలుగున జరిగిన పని

ఇట్టి సాధనలలో ఎక్కువ భాగము ఇంగ్లీషు భాషకై పుట్టినవి. తాలునకును చాలునకును గల భేదమును ఇంగ్లీషు వాక్యములు నేర్పజాలవు. మన భాషలో పని చేయవలెనన్న ముందుగా సరియైన తూకపు రాళ్లు కావలెను. అనగా గోలలో వినిపించినపుడు ఒకే పాటి కష్టము గల వాక్యముల పట్టికలు. ఒక పట్టిక సులభమును ఒకటి కఠినమును అయినచో మనిషి మెరుగుపడెనో, వాక్యమే సులువయ్యెనో తెలియదు. అట్టి తెలుగు వాక్య పట్టికలను మన దేశపు శ్రవణశాస్త్రజ్ఞులు సిద్ధము చేసి 2017లో ప్రకటించిరి. తూకపు రాళ్లు చేతికి వచ్చినవి. ఇక సరకు తూచవలసి యున్నది. 1965లో స్థాపింపబడిన మైసూరు అఖిలభారత వాక్ శ్రవణ సంస్థయు, బొంబాయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదు మనోవికాస్ నగరమున గల ప్రాంతీయ కేంద్రమును ఈ విద్యకు మనకు ఆధారములు.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో సెల్‌ఫోనున చెవిని పరీక్షించుకొను ఉచిత సాధనమును వెలువరించిరి. గోలలో మూడేసి అంకెలు వినబడును, విన్నదానిని నొక్కవలెను. అది వైద్యుని పరీక్ష గాదు గాని, వైద్యుని యొద్దకు పోవలెనా యని తెలిసికొనుటకు పనికివచ్చును. వినికిడి కొఱత యెంతో కొంత గలవారు ప్రపంచమున 150 కోట్లకు పైగా నున్నారని ఆ సంస్థయే 2021లో తెలిపినది. కాన ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు.

ఇంటిలో చేయదగిన అభ్యాసము

మొదట వైద్యునికి చూపవలెను. గుబిలి గట్టిపడినను, చీము కారినను, కర్ణభేరి చిల్లిపడినను మాట తెలియకపోవును. ఇవి సాధనతో పోవు. కాచిన నూనెలు, పసరులు చెవిలో పోయరాదు. ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోయినచో ఒక్క దినమైనను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో చెవి వైద్య విభాగము కలదు. అర్హులైనవారికి కేంద్ర ప్రభుత్వపు ఏడిప్ పథకము క్రింద యంత్రములును లభించును.

పిదప కంప్యూటరు పద్ధతినే మనుమడో మనుమరాలో చేయింపవచ్చును. ఇది పరీక్షకు నిలిచిన వైద్యమని మేము చెప్పము. ఖర్చు లేని అభ్యాసము మాత్రమే. పిల్లవాడు ఎదుట కూర్చుండి వార్తాపత్రికనుండి 10 చిన్న వాక్యములు చదువవలెను. పెద్దవారు ప్రతి వాక్యమును తిరిగి చెప్పవలెను. తరువాత ప్రక్కన రేడియోలో మాటలు సన్నగా పెట్టి మరల 10 వాక్యములు. ఎనిమిదికి పైగా సరియైనచో రేడియోను ఒక మెట్టు పెంచవలెను; అయిదుకు తగ్గినచో ఒక మెట్టు తగ్గింపవలెను. మొదట ముఖము చూచుచు, పిమ్మట చూడక వినవలెను. ఒక్కొక్క వాక్యమున ఒక మాట విడిచి చదివి దానిని ఊహింపుమనవలెను. చివర అంకెలు: ఇరవై, అరవై, యాభై, ఎనభై, ధరలు, తేదీలు, మందు మోతాదులు. దినమునకు 20 నిమిషములు చాలును. సరియైనవి యెన్నియో పాల లెక్కవలె పుస్తకమున వ్రాసికొనవలెను. అలసినచో ఆపవలెను. రేడియోను చెవి నొచ్చునంత ఎన్నడును పెంచరాదు.

సంఘముల బాధ్యత

వినువాడు సాధన చేసిన చాలదు; చెప్పువాడును చేయవలెను. ఈ పాఠము మేము మాడిన మిరప ఆకునుండి నేర్చుకొంటిమి. ఇప్పుడు ఇంజను ఆపనిదే మోతాదు చెప్పము. అంకెను రెండు విధములుగా చెప్పుదుము: ‘ఇరవై — రెండు, సున్నా’. కాగితముమీద వ్రాసి చూపుదుము. విన్నవారిచేత తిరిగి చెప్పించుకొందుము; అందఱిచేతను చెప్పింతుము గనుక ఒక్కరికి సిగ్గు కలుగదు.

సంఘముల కార్యదర్శులకు మా మనవి యేమనగా: మహాజన సభలో ఒక్కసారి ఒక్కరే మాట్లాడునట్లు చూడుడు. మాట్లాడువాని ముఖమున వెలుతురు పడవలెను. మాట తెలియనివారికి ముందు వరుస ఇండు. ప్రతి తీర్మానమును నల్లబల్లమీద పెద్ద అక్షరములతో వ్రాసి, రెండు మార్లు చదివి, అటుపిమ్మటనే సంతకములు తీసికొనుడు. దీనికి ఒక రూపాయి సుద్దముక్క తప్ప ఖర్చు లేదు.

ఆ పెద్దరైతు గుంటూరులో పరీక్ష చేయించుకొని యంత్రము పెట్టుకొనిరి. సాయంకాలము మనుమరాలు వార్తలు చదువుచుండగా తిరిగి చెప్పుచున్నారు. మిర్చి యార్డు గోల ఇప్పటికిని వారికి కష్టమే. అంతయు బాగుపడెనని చెప్పుట అబద్ధమగును. కాని మొన్నటి సభకు వచ్చి ముందు వరుసలో కూర్చుండిరి. వడ్డీ తీర్మానము చదువునపుడు లేచి, ‘‘అయ్యా, మళ్లీ ఒకసారి చెప్పండి, నాకు తెలియలేదు’’ అని అడిగిరి. చదివితిమి. వెనుక వరుసనుండి మఱి ఇద్దఱు, ‘‘మాకూ ఇప్పుడే తెలిసింది’’ అనిరి. ఎవరును నవ్వలేదు.